రంగు ఎక్కడ వేయకూడదు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఏదైనా ఒక విషయం మీద పావుగంట మాట్లాడండి" అన్నారు. నాకు తెలిసిన విషయాలు రెండే. ఒకటి బ్యాంకు లెడ్జర్లు. వాటి గురించి మొదలుపెడితే మీరు భోజనాలకు లేచిపోతారు. రెండోది, బయట వేపచెట్టు కింద నిలబెట్టిన తెల్ల అంబాసిడర్. తుప్పు పట్టకూడదని దాని బ్రేకులకు నేను రంగు వేశాను. ఆ రంగే మా మనవడి ప్రాణాల మీదికి తెచ్చింది. ఆ సంగతి చెబుతాను. మీలో పాత కారో, పాత స్కూటరో దాచుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి పనికొస్తుందనుకుంటున్నాను.

ఈ బండిని మా నాన్నగారు 1978లో కొన్నారు. అంబాసిడర్ మార్క్ 3. ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను తెచ్చుకుని, బెంగాల్లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో దశాబ్దాల పాటు చేశారు ఈ బండ్లను. 2014లో ఉత్పత్తి ఆగిపోయింది. అప్పట్లో కాళేశ్వరరావు మార్కెట్ వెనక మా సందులో ఈ బండి మలుపు తిరగాలంటే ఒకరు దిగి ముందు నడవాల్సిందే. అయినా ఆ చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లయినా పెళ్లికొడుకు దీంట్లోనే వచ్చేవాడు. ఈ సభలో కనీసం ముగ్గురు దీంట్లో ఊరేగినవాళ్లు ఉన్నారు. పేర్లు చెప్పను, పక్కనే వాళ్ల ఆడవాళ్లు ఉన్నారు.

నాన్నగారు పోయాక, మా ఇంట్లో చోటు చాలక, బండిని సింగ్ నగర్లో మా తోడల్లుడి షెడ్డులో పెట్టాం. 2024 సెప్టెంబరు మొదటి తారీఖున బుడమేరుకు గండ్లు పడి ఆ ప్రాంతమంతా ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీలో కొందరి ఇళ్లూ మునిగాయి. మనుషులు బతికి బయటపడటమే గొప్ప అనుకున్న రోజుల్లో కారు సంగతి ఎవరికి గుర్తుంటుంది? నీళ్లు తీశాక వెళ్లి చూస్తే తలుపుల మీద, సీట్ల ఎత్తులో, గీత గీసినట్టు బురద చార. నలుగురం కలిసి తోస్తే బండి అంగుళం కదల్లేదు. వెనక చక్రాలు రెండూ పట్టేశాయి.

తప్పు నాదే. షెడ్డులో పెట్టినప్పుడు హ్యాండ్ బ్రేకు లాగి వదిలేశాను. హ్యాండ్ బ్రేకు లాగితే డ్రమ్ము లోపల షూలు వెళ్లి డ్రమ్ము గోడకు ఆనుకుంటాయి. నీళ్లు దిగాయి, బురద దిగింది. ఆ షూ, ఆ డ్రమ్ము తుప్పుతో అతుక్కుపోయాయి.

ఇక్కడ మన ఎనిమిదో తరగతి సైన్సు క్లాసు గుర్తు చేస్తాను. మాస్టారు మూడు గాజు గొట్టాలు తెచ్చి, ఒక్కో దాంట్లో రెండేసి ఇనప మేకులు వేశారు. ఒకదాంట్లో మామూలు నీళ్లు. రెండో దాంట్లో బాగా మరగబెట్టిన నీళ్లు పోసి, గాలి సోకకుండా పైన నూనె పోశారు. మూడో దాంట్లో తేమను పీల్చుకునే కాల్షియం క్లోరైడ్ వేసి బిరడా బిగించారు. కొన్నాళ్ల తర్వాత చూస్తే మొదటి గొట్టంలో మేకులకే తుప్పు పట్టింది. నీళ్లు ఒక్కటే ఉంటే చాలదు, గాలి ఒక్కటే ఉన్నా చాలదు, రెండూ కలిస్తేనే ఇనుము తుప్పు పడుతుందని దాని అర్థం. రంగు చేసే పనల్లా అదే. ఆ రెండింటినీ ఇనుము దగ్గరికి రానివ్వకుండా మధ్యలో అడ్డం నిలబడుతుంది.

ఆ పాఠం సగమే గుర్తుపెట్టుకోవడం వల్ల వచ్చింది నా కష్టం.

బండిని ఆటోనగర్‌కు లాగించి ఇంజను, వైరింగు, సీట్లు అన్నీ బాగు చేయించాను. డ్రమ్ములు ఊడదీయించి లేత్ మీద లోపలి గోడ చదును చేయించాను. కొత్త లైనింగులు, కొత్త రబ్బరు కప్పులు వేయించాను. అవన్నీ సవ్యంగానే జరిగాయి. బిగించే ముందు నాకొక ఆలోచన వచ్చింది. "డ్రమ్ములు, వాటి వెనకుండే బ్యాకింగ్ ప్లేట్లు నాకివ్వండి, ఇంటికి తీసుకెళ్లి నేనే రంగు వేసి తెస్తాను, మళ్లీ జన్మలో తుప్పు పట్టకూడదు" అన్నాను. ఇంటి గేటుకు వేయగా మిగిలిన ఎర్ర ఎనామెల్ డబ్బా ఉంది. బ్రష్షుతో నాలుగు చేతులు వేశాను. కనిపించిన ఇనుమునల్లా కప్పేశాను. చూస్తే పారాణి పెట్టిన పెళ్లికూతురి పాదాల్లా ఉన్నాయి. ఫోటోలు తీసి మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు.

డిసెంబరులో బందరులో గృహప్రవేశం ఉంటే మా ఆవిడను, ఆరేళ్ల మనవణ్ణి తీసుకుని ఆ బండిలోనే బయలుదేరాను. కంకిపాడు దాటి ఉయ్యూరు దగ్గరికి వస్తున్నాం. వెనక సీట్లోంచి మనవడు, "తాతయ్యా, కింద ఎవరో తలుపు కొడుతున్నారు" అన్నాడు. నాకు వినపడలేదు. నా చెవులు నా వయసువే. వాడు రెండోసారి అన్నాక అద్దం దించి విన్నాను. టక్, టక్, టక్. పక్కకు ఆపి దిగి చూస్తే ముందు ఎడమ చక్రం నట్లు వేళ్లతో తిప్పితే తిరిగాయి. ఒకటి కాదు, అన్నీ. ఇంకో పది కిలోమీటర్లు పోయి ఉంటే ఆ చక్రం మాకంటే ముందు బందరు చేరేది.

పానా పెట్టి బిగించి, ప్రతి రెండు మూడు కిలోమీటర్లకు ఆపి మళ్లీ బిగిస్తూ వెనక్కి తిరిగి ఆటోనగర్ చేరాం. అప్పుడు గుర్తొచ్చాడు మా క్లాసువాడు. మూడో బెంచీలో నా పక్కన కూర్చునేవాడు. ఎనిమిదో తరగతి మధ్యలో, ఇంట్లో గడవక, బడి మానేసి గ్యారేజీలో చేరాడు. ఆ తర్వాత పెళ్లిళ్లలో కనిపిస్తే ఒక పలకరింపు, అంతే. వాడి షెడ్డు అక్కడే ఉందని తెలుసు గానీ, ఎప్పుడూ వెళ్లలేదు.

వాడు చక్రం ఊడదీసి చూశాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రంగు ఎవరేశార్రా?" అన్నాడు.

"నేనే."

"ఎందుకేశావు?"

"తుప్పు పట్టకుండా."

"చక్రం డ్రమ్ముకు ఆనే చోట కూడా వేశావు కదరా. డ్రమ్ము హబ్బుకు ఆనే చోట కూడా వేశావు. ఇనుము మీద ఇనుము కూర్చోవాల్సిన చోట నువ్వు దిండు పరిచావు. నట్టు దిండు మీద బిగిసింది. బండి నడిచి, బ్రేకు వేడెక్కి, దిండు అణిగింది. నట్టు వదులైంది. అంతే."

అంతే అని వాడు తేలిగ్గా అన్నాడు. నాకు మాత్రం కాళ్లు వణికాయి. మావాడు వెనక సీట్లో బిస్కెట్లు తింటున్నాడు.

డ్రమ్ము లాగాక రెండో తప్పు బయటపడింది. వీల్ సిలిండర్ దగ్గర బ్రేక్ ఆయిల్ కొంచెం ఊరింది. ఆయిల్ అంటాం గానీ మన బండ్లలో పోసేది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. మామూలు పెయింటును అది తినేస్తుంది. బ్యాకింగ్ ప్లేటు మీద నేను వేసిన ఎనామెల్ దాని దెబ్బకు మెత్తబడి, జామకాయ జెల్లీలాగా జారి, లైనింగు అంచు దాకా వచ్చింది. ఇంకొంచెం లోపలికి పోతే ఆ చక్రానికి బ్రేకు సరిగ్గా పట్టేది కాదు. నాలుగు చక్రాల్లో ఒకటి పట్టక మూడు పడితే బండి ఒక పక్కకు ఈడ్చేస్తుంది. పైన పటారం, లోన లొటారం అంటారు చూశారా, అది నా బ్రేకులే.

వాడు అక్కడే స్టూలు మీద కూర్చోబెట్టి నాకు పాఠం చెప్పాడు. రెండు ఆదివారాలు వాడి షెడ్డులో వాడి కళ్లముందే మొత్తం పని మళ్లీ చేశాను. అది మీకు వరసగా చెబుతాను.

మొదటిది దుమ్ము. పాత బండ్ల లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత క్యాన్సర్ దాకా తేగలదు. కంప్రెసర్ గాలితో డ్రమ్ము ఊదడం మన షెడ్లలో అందరికీ అలవాటు. అది మానుకోవాలి. ముక్కుకు మంచి మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడవాలి.

రెండోది, రంగు డబ్బా తెరిచే ముందు ఆ డ్రమ్ము వాడదగినదేనా అని చూడాలి. అరిగిన కొద్దీ డ్రమ్ము లోపలి కొలత పెరుగుతుంది. దానికొక హద్దు ఉంటుంది. హద్దు దాటినా, ఎక్కడైనా పగులున్నా పారేయడమే. పగులు మీద రంగు వేస్తే పగులు పోదు, కనపడకుండా పోతుంది.

మూడోది శుభ్రం చేయడం. వైర్ బ్రష్షుతో వదులు తుప్పంతా రాల్చాలి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే దాని మీద రంగు వేస్తే అది కింద ఉబ్బి రంగును పెచ్చులుగా లేపేస్తుంది. గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ రిమూవర్ పూసి, డబ్బా మీద రాసినంత సేపు ఉంచి, కడిగి, వెంటనే పూర్తిగా ఆరబెట్టాలి. కిరసనాయిలుతో కడగడం మనవాళ్ల అలవాటు. డ్రమ్ము లోపల, లైనింగుల దగ్గర, రబ్బరు కప్పుల దగ్గర దాన్ని రానివ్వకూడదు. కిరసనాయిలు, పెట్రోలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. రబ్బరు ఉన్న భాగాలను కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి.

నాలుగోది ముఖ్యం. రంగు డబ్బా కంటే ముందు మాస్కింగ్ టేపు తీయాలి. రంగు తగలకూడని చోట్లు ఇవి: డ్రమ్ము లోపలి గోడ, అంటే షూ రాసుకునే తలం. లైనింగులు. డ్రమ్ము హబ్బుకు ఆనే తలం. చక్రం డ్రమ్ముకు ఆనే తలం. స్టడ్డుల మరలు, నట్లు కూర్చునే చోటు. బ్యాకింగ్ ప్లేటు మీద షూలు జారే చిన్న చిన్న గడ్డలు. అడ్జస్టరు మరలు. వీల్ సిలిండర్ లోపలి గొట్టం, దాని రబ్బరు తొడుగులు. గాలి తీసే నిపుల్, దాని రంధ్రం. మిగిలిందే రంగుకు చోటు. అంటే డ్రమ్ము బయటి గుండ్రం, బ్యాకింగ్ ప్లేటు ముందు వెనకలు. చూశారా, వేయకూడని చోట్ల జాబితా పెద్దది, వేయాల్సిన చోట్ల జాబితా చిన్నది. నాకు ఎవరూ చెప్పనిది, నేను అడగనిది ఇదే.

అయిదోది ఏ రంగు అన్నది. డ్రమ్ము బయట వైపుకు వేడి తట్టుకునే పెయింటు కావాలి. బాయిలర్లకు, సైలెన్సర్లకు వేసే అల్యూమినియం పెయింటు అందరికీ తెలిసినదే. నలుపులోనూ దొరుకుతుంది. పలచగా రెండు చేతులు చాలు. ఆ జాతి పెయింట్లు చాలావాటికి గట్టిపడటానికి 200 డిగ్రీల దరిదాపుల్లో వేడి కావాలి. మన బెజవాడ ఎండకు గుడ్డు ఉడుకుతుందని జోకులు వేసుకుంటాం గానీ, 45 డిగ్రీలకు అది లొంగదు. డబ్బా మీద రాసిన పద్ధతిలో వేడి చేయించాల్సిందే. బ్యాకింగ్ ప్లేటుకు ఎపాక్సీ ప్రైమరు, పైన టూ-ప్యాక్ పెయింటు వేయాలి. బ్రేక్ ఆయిల్ చిందినా అది ఎనామెల్ కంటే చాలా నయంగా తట్టుకుంటుంది. అయినా చిందిన వెంటనే నీళ్లతో కడిగేయాలి. బండి బాడీ మీద పడినా అంతే.

ఆరోది బిగించడం. షూలు జారే గడ్డల మీద బ్రేకుల కోసమే చేసిన గ్రీజు గోరంత రాయాలి. ఎక్కువైతే అది లైనింగు మీదికి పోతుంది. నట్లను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి. రంగు వేసినా వేయకపోయినా, చక్రం ఊడదీసిన ప్రతిసారీ ఈ మాట గుర్తుండాలి.

ఇదంతా అయ్యాక వాడు ఇంకో మాట అన్నాడు. "రంగు వేశావు, బాగుంది. ఇప్పుడు రంగు వేయలేని చోట సంగతేంటి?"

అలాంటి చోట్లు రెండున్నాయి. ఒకటి గొట్టాల లోపల. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మాస్టారు మూడో గొట్టంలో వేసిన కాల్షియం క్లోరైడ్ లాగానే. కానీ అక్కడ తేమను పీల్చి మేకును కాపాడింది, ఇక్కడ తేమను పీల్చి ఇనుము దగ్గరికే చేరుస్తుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. డాట్ 4 అయితే 230 నుంచి 155కి. కొండ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు తీయకుండా ఉంటే ఆ వేడికి లోపల నీళ్లు ఆవిరవుతాయి, పెడల్ దూదిలా దిగిపోతుంది. మన దుర్గమ్మ కొండ ఘాట్ రోడ్డు దిగుతూ అది తెలుసుకోకూడదు. రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్చి గాలి తీయించుకోవాలి. పైపుకు బయట తుప్పు కనిపిస్తే రంగు వేసి కప్పొద్దు, పైపు మార్చాలి. మా బండి లాంటి పాత మోడల్లో నాలుగు చక్రాలకూ ఒకే సర్క్యూట్. ఒక్క పైపు చిల్లు పడితే బ్రేకే లేదు.

రెండోది డ్రమ్ము లోపలి గోడ. దానికి రంగు వేయలేం, నూనె రాయలేం. నీళ్లు తగిలితే రాత్రికి రాత్రి ఎర్రబడుతుంది. దానికి రక్షణ ఒక్కటే, వాడకం. షూ రాసుకుంటూ ఉంటే ఆ పలచటి తుప్పు ఎప్పటికప్పుడు పోతుంది. అందుకని ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే వన్‌టౌన్‌లో బయలుదేరి, ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం దాకా వెళ్లి వస్తున్నాను. నీళ్లలోంచి వెళ్లాల్సి వస్తే, ఆ తర్వాత వెనక ఎవరూ లేనప్పుడు బ్రేకు నెమ్మదిగా రెండు మూడుసార్లు తొక్కి ఆరబెడతాను. ఎక్కువ రోజులు నిలబెట్టాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు లాగను. గేరులో పెట్టి చక్రాలకు ఇటుకలు అడ్డం పెడతాను.

నాన్నగారి బండి మీద ప్రేమ కొద్దీ కొన్నేళ్లు దాన్ని షెడ్డులో కదలకుండా దాచాను. ఆ దాచడమే దాని బ్రేకులను సగం తినేసింది. మిగిలిన సగం నేను రంగు పూసి పాడుచేశాను.

చివరిగా సంఘానికి ఒక మనవి. ఈ సావనీరులో పూర్వ విద్యార్థుల పేర్ల పట్టిక వేస్తున్నారని విన్నాను. అది పదో తరగతి పాసైన సంవత్సరాల వారీగా ఉంది. నా స్నేహితుడి పేరు అందులో లేదు, ఎందుకంటే వాడు ఎనిమిదిలోనే వెళ్లిపోయాడు. ఆ మూడు గాజు గొట్టాల పాఠం నాతోపాటు వాడూ విన్నాడు. ఆ పాఠాన్ని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుని మరిచిపోయాను. వాడు నలభై ఏళ్లకు పైగా చేతులతో చేస్తున్నాడు. అలా మధ్యలో వెళ్లిపోయినవాళ్లు మన బడికి ఎందరో ఉంటారు. హాజరు పట్టీల్లో పేరున్న ప్రతివాళ్లూ మనవాళ్లేనని సంఘం ఒప్పుకుంటే ఆ పట్టిక నిండుగా ఉంటుంది. అందుకు కావలసిన వెతుకులాటకు నేను వస్తాను. లెడ్జర్లు తిరగేయడం నాకు అలవాటే.

రమ్మంటే వాడు ముందు రానన్నాడు. "నాకు అక్కడ పనేముందిరా?" అన్నాడు. పని ఉందని చెప్పి తీసుకొచ్చాను. వెనక తలుపు దగ్గర నీలం చొక్కాలో నిలబడి ఉన్నాడు. భోజనాలయ్యాక వేపచెట్టు కిందికి రండి. ముందు ఎడమ చక్రం ఊడదీసి ఎక్కడ రంగుందో, ఎక్కడ లేదో చూపిస్తాడు. నట్లు మాత్రం ఈసారి వాడే బిగిస్తాడు. నా మనవడు కూడా వచ్చాడు, ఇంటికి వెళ్లేది ఆ బండిలోనే.